వైజాగ్ బీచ్‌లో గంటసేపు గుర్రం మీద: ఎక్కే ముందు, ఎక్కాక, దిగాక

ఆర్కే బీచ్‌లో గుర్రం ఎక్కని వైజాగ్ పిల్లలు తక్కువ. నాన్న చంకల్లో చేతులేసి ఎత్తి కూర్చోబెడతాడు, గుర్రం అబ్బాయి తాడు పట్టుకుని వంద అడుగులు తీసుకెళ్లి వెనక్కి తిప్పుతాడు, అమ్మ ఫొటో తీస్తుంది, అంతే. నేను చెప్పబోయేది ఆ రౌండు గురించి కాదు. పెద్దయ్యాక, ఒక ఉదయం పూట, గుర్రం సంగతి తెలిసిన మనిషి పక్కనే నడుస్తుండగా ఒడ్డు వెంట తడి ఇసుక మీద గంటసేపు వెళ్లి రావడం ఎలాగో చెప్తాను. అలా ఇప్పటికి ఆరుసార్లు వెళ్లాను. మొదటి రెండుసార్లూ చేయకూడనివన్నీ చేశాను కాబట్టి మీకు ఆ ముచ్చట తప్పించగలను.

నా లెక్కలో ఈ పనిలో ముప్పావు వంతు గుర్రం ఎక్కకముందే అయిపోతుంది. ఏ మనిషి, ఏ గుర్రం, ఏ టైము. ఈ మూడూ కుదిరితే మీకు స్వారీ రాకపోయినా నడిచిపోతుంది. వీటిలో ఒకటి తేడా కొట్టిందంటే మీకు ఎంత వచ్చినా లాభం లేదు.

మనిషిని వెతుక్కోవడం

ముందురోజు సాయంత్రం బీచ్‌కి వెళ్లండి, కానీ గుర్రం ఎక్కకండి. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర్నుంచి కాళీమాత గుడి దాకా, చేతిలో ఓ మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని, అటూ ఇటూ తిరుగుతూ గుర్రాల వాళ్లని ఒక అరగంట చూడండి. బేరం జరుగుతున్నప్పుడు అందరూ ఒకేలా ఉంటారు, గుర్రాన్ని నిమురుతూ నవ్వుతూ. బేరం లేనప్పుడు చూడాలి. గుర్రాన్ని ఎండలోనే నిలబెట్టి తను నీడలో కూర్చున్నాడా, బకెట్‌లో మంచినీళ్లు పెట్టాడా, నోట్లో కళ్లెం ఊరికే లాగుతూ ఉన్నాడా, కర్ర తీసి చూపించగానే గుర్రం తల పక్కకి తిప్పేస్తోందా? ఆ చివరిది కనిపిస్తే ఆ మనిషిని వదిలేయండి, ఇంకేం అడగక్కర్లేదు.

నచ్చిన మనిషి కనిపించాక సూటిగా అడగండి: "బాబాయ్, రేపు పొద్దున్నే గంటసేపు కావాలి, పరుగులొద్దు, నడకే, తాడు మీ చేతిలోనే ఉండాలి." నేను మొదట అడిగినవాడు "పరిగెత్తకపోతే మజా ఏటుంది బాబూ?" అన్నాడు. అతనితోనే వెళ్లాను, అది నా మొదటి తప్పు. మూడోసారి నుంచి నేను వెళ్తున్న పెద్దాయన మాత్రం రేటు మాట్లాడకముందే నన్ను కిందనుంచి పైదాకా చూసి "నీ బరువెంత?" అన్నాడు. డెబ్భై ఎనిమిది అంటే, పక్కన నిలబడ్డ తెల్ల గుర్రాన్ని కాదని "అయితే ఇది కాదు, పెద్దదాన్ని తెస్తాను" అన్నాడు. బరువు అడిగినవాడే మీ మనిషి అనుకోండి.

రేటు అక్కడికక్కడే తేల్చుకోండి. రౌండ్ల లెక్కలో ఎంత, గంట లెక్కలో ఎంత, ఫొటోలు తీస్తే దానికి వేరేగా అడుగుతారా, ఇద్దరు వెళ్తే రెండు గుర్రాలకీ ఇద్దరు మనుషులు వస్తారా? ఈ చివరి ప్రశ్న మరిచిపోవద్దు. ఒక్క మనిషి రెండు గుర్రాల తాళ్లు పట్టుకుని నడిపిస్తానంటే ఒప్పుకోకండి. ఒకటి బెదిరితే ఆయన ఏ తాడు వదలాలి? బేరం మరీ పిండకండి కూడా. గుర్రానికి ఉలవలూ దాణా గడ్డీ కొనేది ఆ డబ్బుతోనే, మనం తగ్గించే యాభై రూపాయలు చివరికి దాని మేతలోంచే పోతాయి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. బీచ్ గుర్రాల్లో చాలావాటికి రాత్రి ఉద్యోగం వేరే ఉంటుంది, పెళ్లి ఊరేగింపులు. మాఘంలోనో వైశాఖంలోనో శ్రావణంలోనో గట్టి ముహూర్తం ఉన్న రాత్రి ఆ గుర్రం అర్ధరాత్రి దాకా డీజే బాక్సుల ముందు, బాణసంచా మధ్య, పెళ్లికొడుకుని మోస్తూ నిలబడి ఉంటుంది. మర్నాడు ఆరింటికి దాన్ని మీకిస్తే అది నిద్రలో నడుస్తుంది, కాళ్లు తడబడతాయి. కాబట్టి రోజు ఖాయం చేసుకునే ముందు క్యాలెండర్‌లో ముహూర్తాలు చూసుకోండి, అనుమానంగా ఉంటే "నిన్న రాత్రి పెళ్లికి పంపారా?" అని అడిగేయండి. అయితే ఈ పెళ్లి గుర్రాలకి ఓ మంచి గుణం ఉంది, హారన్‌కీ అరుపులకీ చలించవు. విశ్రాంతి తీసుకున్న పెళ్లి గుర్రం దొరికితే అదృష్టమే.

గుర్రాన్ని చూడటం

పొద్దున్న గుర్రం వచ్చాక వెంటనే ఎక్కేయకండి. అయిదు నిమిషాలు దాని చుట్టూ తిరగండి. ఎదురుగా ముక్కు దగ్గరికి తిన్నగా వెళ్లకూడదు, వెనక నుంచి అసలే కాదు. గుర్రం కళ్లు పక్కలకి ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ చూడగలదు గానీ ముక్కుకి సరిగ్గా ముందూ తోకకి సరిగ్గా వెనకా దానికి కనపడదు. కనపడని చోటునుంచి ఏది వచ్చినా అది ముందు తన్నుతుంది, తర్వాత ఆలోచిస్తుంది. ఎడమ భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్లి, మెడ మీద చెయ్యి వేయండి. బర్రెని తట్టినట్టు తట్టకండి, నిమరండి.

చెవులు చూడండి. ముందుకి నిక్కబొడుచుకుంటే ఏదో గమనిస్తోంది. ఒకటి ఇటూ ఒకటి అటూ తిరుగుతుంటే మీ మాటా సముద్రం మోతా రెండూ వింటోంది, మంచిదే. రెండూ వెనక్కి మెడకి అతుక్కుపోయాయంటే అది చిరాకులో ఉంది, కాస్త దూరం జరగండి. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటే కంగారు పడకండి. మార్వాడీ, కఠియావాడీ జాతి గుర్రాలకి పుట్టుకతోనే చెవులు అలా ఉంటాయి.

తర్వాత జీను ఎత్తి చూపించమనండి. ఇది అడగడానికి మొహమాటపడతారు చాలామంది, నేనూ పడ్డాను. కానీ వీపు మీద జీను కింద, పొట్ట కింద పట్టీ బిగించే చోట, నోటి మూలల్లో కళ్లెం ఇనుము రాసుకునే చోట పుండ్లు ఉన్నాయేమో ఇలా తప్ప తెలియదు. పుండు మీద జీను బిగించి మీరు ఎక్కితే అది నొప్పికి ఎగురుతుంది, మీరు పడతారు. నొప్పి దానిది, దెబ్బ మీది. పుండుతో ఉన్న జంతువుని పనిలో పెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. మా పెద్దాయన అడగకుండానే జీను ఎత్తి చూపిస్తాడు, కాస్త గర్వంగా.

డెక్కలు ఎత్తించి చూడండి, లాడం ఊగుతోందా, డెక్క పగిలిందా అని. నాలుగడుగులు నడిపించమనండి, ప్రతి అడుగుకీ తల ఎగరేస్తూ నడుస్తుంటే ఏదో కాలు నొప్పి. ముక్కులోంచి చిక్కటి చీమిడి కారుతుంటే ఆ గుర్రాన్ని తాకకండి కూడా. గుర్రాల నుంచి మనుషులకి అంటే జబ్బులు ఉన్నాయి. పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తుంటే ఆ రోజుకి నడిచే వెళ్లండి.

ఇక బరువు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం తన బరువులో సుమారు అయిదో వంతు మోస్తే ఇబ్బంది పడదని లెక్క. బీచ్‌లో కనిపించే చిన్నపాటి గుర్రం 300 కిలోలుందనుకుంటే అరవై కిలోలు, అందులో జీను బరువు కూడా కలిపి. అంటే నాలాంటి వాడు దాని మీద ఎక్కడం తప్పు. పెద్దాయన మొదటి రోజే ఎందుకు గుర్రం మార్చాడో అప్పుడు అర్థమైంది. ఇద్దరు పెద్దవాళ్లు ఒకే గుర్రం మీద ఎక్కి సెల్ఫీ దిగడం గురించి ఇక చెప్పేదేముంది.

ఏ టైముకి, ఎటువైపు

తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు. జూన్‌లో అయిదూ ఇరవై ప్రాంతంలోనే తెల్లారుతుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. వెలుతురు వచ్చిన అరగంటలో ఎక్కి, ఎండ చురుక్కుమనేలోపు దిగిపోవాలి. వేసవిలో ఏడున్నర దాటితే మీకే కాదు గుర్రానికీ ఉక్కపోత, మెడ మీద చెమట నురగ కడుతుంది. అక్టోబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది గానీ అక్టోబరు, నవంబరు మన తుపాన్ల నెలలు కూడా. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న, ఈ ఊళ్లో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. అల్పపీడనం అని వార్త వినగానే రైడ్ మానేయండి.

తెల్లారడం కంటే ముఖ్యమైంది పోటూ పాటూ. పోటు మీదున్నప్పుడు నీళ్లు పైదాకా వచ్చి, నడవడానికి మెత్తటి పొడి ఇసుక ఒక్కటే మిగులుతుంది. ఆ ఇసుకలో గుర్రం కాళ్లు దిగబడతాయి, గంటసేపు లాక్కుంటూ నడిస్తే వాటి కాలి నరాలు పట్టేస్తాయి. పాటు సమయంలో నీళ్లు వెనక్కి వెళ్లి గట్టిగా, చెమ్మగా, రోడ్డులాంటి ఇసుక పట్టీ బయటపడుతుంది. మనకి కావాల్సింది అది. మన దగ్గర రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, పోటుకీ పాటుకీ మధ్య ఆరుగంటల పైచిలుకు, ప్రతి రోజూ అదంతా సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అంటే ఈ ఆదివారం ఆరింటికి దొరికిన గట్టి ఇసుక వచ్చే ఆదివారం అదే టైముకి దొరకదు. హైదరాబాద్‌లోని ఇంకాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు పోటు వేళలూ పెద్ద అలల హెచ్చరికలూ ఇస్తారు, ముందురోజు రాత్రి చూసుకోండి. అమావాస్య, పౌర్ణమిలకి పోటు ఎక్కువ, పాటు కూడా బాగా వెనక్కి వెళ్తుంది. ఇవేవీ చూసే ఓపిక లేకపోతే ఏ జాలరినైనా అడగండి, వాళ్లు చేతి గడియారం చూడకుండా చెప్తారు.

ఎటువైపు అంటే, ఆర్కే బీచ్ మధ్యలో జనం ఎక్కువ, పైగా అక్కడ సముద్రం ఇసుకని కోసేసి ఒక్కోచోట మెట్టులా అడుగున్నర ఎత్తున గట్టు నిలబడుతుంది, గుర్రం దాని అంచు మీద అడుగేస్తే అది కూలుతుంది. నాకు సాగర్‌నగర్ వైపు నచ్చింది, జనం పల్చన. గుర్రం అక్కడిదాకా రావాలి కాబట్టి పెద్దాయనకి ఆ నడక డబ్బులు విడిగా ఇస్తాను. రుషికొండలో 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిన ముక్కలోకి గుర్రాన్ని తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు, ఆ గుర్తింపు నియమాల్లోనే జంతువుల మీద కట్టడి ఉంది. భీమిలి దాకా వెళ్దామని మా అక్క ఒకసారి ఉత్సాహపడింది. గుర్రం నడక గంటకి ఆరు కిలోమీటర్లే తల్లీ, పాతిక కిలోమీటర్ల దూరం వెళ్లి మళ్లీ ఎప్పుడొస్తాం అంటే నోరు మూసుకుంది.

శీతాకాలం చివర్నుంచి వేసవి మొదలు దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలోనే గుడ్లు పెడతాయి. ఒక్కో గూడులో వంద పైన గుడ్లు, అవి పోటు నీళ్లు అందని పొడి ఇసుకలో పూడ్చి ఉంటాయి. అటవీశాఖ వాళ్లు చాలావాటిని తీసి కంచె కట్టిన సంరక్షణ కేంద్రాల్లో పెడతారు గానీ అన్నీ దొరకవు కదా. ఆ నెలల్లో చీకట్లో బయల్దేరకండి, తడి ఇసుక దాటి పైకి వెళ్లకండి, కంచె కనిపిస్తే దూరంగా చుట్టి రండి.

వేసుకునేవి

సాగే బట్టతో ఉన్న ట్రాక్ ప్యాంటు చాలు. జీన్స్ వద్దు, తొడల లోపలి వైపు ఆ మందపాటి కుట్లు రాసుకుని, మూడు రోజులు కాళ్లు ఎడంగా పెట్టుకుని నడుస్తారు. చెప్పులు అసలే వద్దు. కాలు రికాబులోంచి, అంటే జీనుకి వేలాడే ఆ ఇనుప కడియంలోంచి, ముందుకి జారి ఇరుక్కుపోతుంది. చిన్న మడమ ఉన్న షూ వేసుకుంటే ఆ మడమే అడ్డుపడి కాపాడుతుంది. మా అక్క చున్నీని నడుముకి కట్టుకుంది, మీరూ అదే చేయండి, గాలికి ఎగిరే గుడ్డ గుర్రం కంటికి పాములాంటిది. హెల్మెట్ బీచ్ గుర్రాల వాళ్ల దగ్గర దొరకదు. స్వారీ హెల్మెట్ లేకపోతే సైకిల్ హెల్మెట్ పెట్టుకెళ్లండి, నవ్వేవాళ్లు నవ్వుతారు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే డాక్టర్ని అడిగి వేయించుకోండి, గుర్రపు లద్దె ఉన్న మట్టిలో ధనుర్వాతం క్రిములు సామాన్యం.

ఎక్కడం

ఎప్పుడూ ఎడమ వైపు నుంచే. గుర్రాలకి అదే అలవాటు. ముందు పొట్ట కింది పట్టీ ఇంకోసారి బిగించమనండి. కట్టేటప్పుడు పొట్ట ఉబ్బించి, తర్వాత గాలి వదిలేసే గడుసు గుర్రాలు ఉంటాయి, అప్పుడు పట్టీ వదులై మీరు ఎక్కగానే జీను పక్కకి తిరుగుతుంది. పట్టీకీ పొట్టకీ మధ్య రెండు వేళ్లు దూరితే సరి.

రికాబు పొడవుకి ఓ చిట్కా ఉంది: వేళ్ల కొసలు జీనుకి ఆనించి, రికాబుని చంక కిందికి లాగండి, చంకలోకి సరిగ్గా వస్తే పొడవు సరిపోయినట్టు. ఇప్పుడు ఎడమ చేత్తో పగ్గాలతో పాటు జూలు కూడా గుప్పెడు పట్టుకోండి. జూలు లాగితే గుర్రానికి పెద్దగా నొప్పి పుట్టదు, జీను లాగితే పుడుతుంది. ఎడమ కాలి ముందు పాదం రికాబులో పెట్టి, కుడి కాలు ఇసుకలో తన్ని, పైకి లేచి, కుడి కాలు వీపుకి తగలకుండా అటు వేయండి. ఆ తర్వాత బస్తా దింపినట్టు ధబేల్‌మని కూలబడకండి, మెల్లగా కూర్చోండి. బీచ్ గోడో, ఇసుక దిబ్బో దొరికితే దాని మీద నుంచి ఎక్కండి, గుర్రం వీపుకీ మీ ప్యాంటు కుట్టుకీ మంచిది.

కూర్చున్నాక చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉండాలి. మడమ కిందికి. మోకాళ్లతో గుర్రాన్ని నొక్కకండి, భయపడ్డవాళ్లంతా చేసేది అదే, దానికి అది "పరిగెత్తు" అని వినిపిస్తుంది.

నడక

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. కొత్తవాళ్లు ఈ సామెతని గట్టిగా పట్టుకుని పగ్గాలు బిగించి లాగుతూ ఉంటారు. మెత్తగా ఉండకూడనిది నడుము, చేతులు కాదు. పగ్గాల అవతలి కొసన దాని నోరుంది. ఆపాలంటే వెనక్కి బరువుగా కూర్చుని, పగ్గాలు ఒకసారి లాగి వదలండి, ఆగలేదా, మళ్లీ లాగి వదలండి. లాగి పట్టుకుంటే అదీ లాగుతుంది, ఆ పోటీలో మీరు గెలవరు. ఎలాగూ తాడు మీ గైడ్ చేతిలో ఉంది, ఆయనకి వదిలేసి మీరు గుర్రం నడుము ఊగినట్టు ఊగండి. మొదటి పది నిమిషాలు ఇంకేం చేయక్కర్లేదు.

అలల దగ్గర ఒక గమ్మత్తు జరుగుతుంది. నీళ్లు వెనక్కి పోతున్నప్పుడు కిందికి చూశారో, గుర్రం పక్కకి కొట్టుకుపోతున్నట్టు అనిపించి కళ్లు తిరుగుతాయి. కిందికి చూడకండి. ఆర్కే బీచ్‌లో అయితే వెళ్లేటప్పుడు కైలాసగిరి వైపో, వచ్చేటప్పుడు దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ వైపో చూస్తూ ఉండండి, కదలని వస్తువు మీద చూపు ఆనితే తల తిరగదు. కొత్త గుర్రాలకి కూడా నురగంటే భయమే. మీ గుర్రం అలకి పక్కకి జరిగితే తిట్టకండి, రెండు గజాలు పైకి నడిపించి మళ్లీ మెల్లగా దించమనండి.

ఇక రెండోసారి నేను చేసిన ఘనకార్యం. చీలమండ లోతు నీళ్లలో గుర్రం ఆగింది. ఆగి, కుడి ముందు కాలితో నీళ్లని టపటపా కొట్టడం మొదలుపెట్టింది, నీళ్లు నా ప్యాంటు మీదికి చిమ్ముతున్నాయి. ఆడుకుంటోంది కాబోలు, భలే వీడియో అనుకుని పగ్గాలు వదిలేసి జేబులోంచి ఫోన్ తీశాను. గైడ్ నాలుగడుగుల వెనక ఉన్నాడు, తాడు వదులుగా పట్టుకుని. ఆయన అరుపు ముందు వినిపించింది: "కాళ్లు తీసీ! రికాబుల్లోంచి కాళ్లు తీసీ!" అప్పటికే గుర్రం ముందు మోకాళ్లు మడిచింది, నా ముందు ఉండాల్సిన మెడ లేదు, కింద నీళ్లున్నాయి. కాళ్లు తీశాను గానీ ఫోన్ వదల్లేదు, దానితో సహా ఎడమ పక్కకి జారి నీళ్లలో కూర్చున్నాను. గుర్రం నా పక్కనే పడుకుని ఇటూ అటూ పొర్లింది, జీనుతో సహా, హాయిగా. ఆయన తాడు లాగి లేపాక నాకు చెయ్యిచ్చి అన్నాడు: "వీపు మీద చెమట, జీను దురద, కింద చల్లటి నీళ్లు. పడుకోక ఏటి చేస్తాది బాబూ?"

కాబట్టి గుర్తుపెట్టుకోండి, నీళ్లలోనో మెత్తటి ఇసుకలోనో ఆగి కాలితో కొడుతోందంటే అది పడుకోబోతోంది. ఆగనివ్వకండి. పగ్గాలు కొంచెం పైకెత్తి, రెండు మడమలతో పొట్ట పక్కల తాకించి, గట్టిగా అదిలించి ముందుకి నడిపించండి. కదులుతున్న గుర్రం పడుకోదు. అప్పటికే మోకాళ్లు వంచేస్తే ఆలోచించకండి, కాళ్లు రికాబుల్లోంచి తీసి పక్కకి దిగిపోండి. ఫోన్ సంగతి అడక్కండి, బియ్యం డబ్బాలో మూడు రోజులుంచినా లేవలేదు. ఇప్పుడు ఫోన్ పెద్దాయన జేబులో ఉంటుంది, ఫొటోలు ఆయనే తీస్తాడు, సగం ఫొటోల్లో గుర్రం ఒక్కటే పడుతుంది.

దాని మోకాలు దాటి నీళ్లలోకి దించొద్దు. ఆర్కే బీచ్ దగ్గర ఒడ్డు చటుక్కున లోతవుతుందనీ, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయనీ మనందరికీ తెలుసు, ఏటా మనుషులు పోతూనే ఉన్నారు. సముద్రపు నీళ్లు తాగనివ్వొద్దు కూడా.

దారిలో బెదిరించేవి కొన్నుంటాయి: ప్లాస్టిక్ కవర్లు, గాలిపటాలు, వీధికుక్కలు. వీటన్నిటికంటే ప్రమాదం జాలర్ల తాళ్లు. ఉదయాన్నే అలివి వల లాగుతుంటారు, రెండు వైపులా జనం నిలబడి సముద్రంలోంచి పొడుగాటి తాడు బిగించి లాగుతారు, ఇసుక రంగులో కలిసిపోయి ఆ తాడు దూరానికి కనిపించదు. గుర్రం కాలికి తగిలిందా, గుర్రానికీ దెబ్బే, వాళ్ల వేటకీ నష్టమే. అలా గుంపు కనిపిస్తే ఆగి, వాళ్ల వెనక నుంచి, పైనుంచి చుట్టి వెళ్లండి. దగ్గరికి వెళ్తే పలకరించండి, వాళ్ల చోటులోకి మనం వచ్చాం.

వెనక్కి తిరిగాక గుర్రం నడక మారుతుంది. ఇల్లు, ఉలవలు గుర్తొస్తాయి, అడుగులు చురుగ్గా పడతాయి. నిజంగా పరుగు అందుకునేది వచ్చేటప్పుడే, వెళ్లేటప్పుడు కాదు. అందుకే తిరుగు దారిలో తాడు పొట్టిగా పట్టుకోమని గైడ్‌కి చెప్పండి. ఒకవేళ తాడు జారి అది పరుగు తీస్తే అరవకండి, ముందుకి వంగి మెడ కౌగిలించుకోకండి. వెనక్కి కూర్చుని ఒక్క పగ్గమే, కుడిదో ఎడమదో పొడి ఇసుక వైపుది, కొద్దికొద్దిగా లాగుతూ తలని పక్కకి తిప్పండి. తల తిరిగితే అది వలయంలో తిరగాలి, వలయంలో తిరిగితే వేగం తగ్గాలి.

దుడుకు నడక, అంటే ఎగిరెగిరి పడే చిన్న పరుగు, మూడు నాలుగుసార్లు వెళ్లాక ఒక యాభై గజాలు ప్రయత్నించొచ్చు, గట్టి ఇసుక మీద, గైడ్ ఒప్పుకుంటే. దౌడు మాత్రం బీచ్‌లో నేర్చుకునే విద్య కాదు.

దిగడం

రెండు కాళ్లూ ముందు రికాబుల్లోంచి తీసేయండి. ఒక కాలు ఉంచి దిగితే, గుర్రం అప్పుడే కదిలితే, ఆ కాలు అక్కడే ఉంటుంది, మీరు ఇక్కడ ఉంటారు. ముందుకి వంగి, కుడి కాలు వెనక నుంచి తిప్పి, పొట్ట దానికి ఆనించి జారండి. నేల తగలగానే మోకాళ్లు లేనట్టు అనిపిస్తుంది, జీను పట్టుకుని పది సెకన్లు నిలబడండి. అందరికీ అలాగే ఉంటుంది.

పట్టీ వదులు చేయించండి, కొంచెంసేపు ఖాళీగా నడిపించాక మంచినీళ్లు పెట్టించండి, కాళ్లూ పొట్టా మంచినీళ్లతో కడిగించండి. ఉప్పు, ఇసుక పట్టీ కింద ఎండిపోతే రేపటికి అదే పుండు అవుతుంది. నేను ఇంటి నుంచి రెండు లీటర్ల సీసాలు మూడు తీసుకెళ్తాను, స్కూటీ ముందు పెట్టుకుని. బెల్లం ముక్క ఇవ్వాలనుంటే ముందు ఆయన్ని అడగండి, అడిగాక అరచెయ్యి బల్లపరుపుగా చాచి, బొటనవేలు పక్కకి అతికించి, మధ్యలో పెట్టండి. వేళ్లతో పట్టుకుని ఇస్తే బెల్లం ఏదో వేలు ఏదో దానికి తెలియదు. దాని పెదవులు చేతిని తడుముతాయి, తడిగా, మీసాల్లాంటి వెంట్రుకలతో, ఎంత జాగ్రత్తగా తీసుకుంటుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఆ సాయంత్రం వేడినీళ్ల స్నానం చేయండి. మర్నాడు మెట్లు దిగేటప్పుడు తొడలు మీవి కానట్టే ఉంటాయి, రెండు రోజుల్లో పోతుంది. ఫోన్‌లో నంబర్ సేవ్ చేసుకునేటప్పుడు ఆయన పేరు పక్కన గుర్రం పేరు, దాని రంగు కూడా రాసుకోండి. తర్వాతిసారి ఫోన్ చేసి "అదే గుర్రం ఉందా బాబాయ్, రాత్రి పెళ్లి లేదు కదా?" అని అడగాలి.